కతోలికము, సార్వత్రికము: రాయలసీమ క్రైస్తవ శాఖల పరస్పర సంబంధము

క్రైస్తవుల విశ్వాస ప్రమాణమున సంఘమును గూర్చిన విశేషణ మొకటి కలదు. గ్రీకు భాషలో అది ‘కథోలికోస్’. సర్వమునకు చెందినది, అంతటను వ్యాపించినది అని దాని యర్థము. నంద్యాలలోని రోమను కతోలిక దేవాలయమున ఈ ప్రమాణమును చదువువారు ఆ పదమును ‘కతోలిక’ యని యథాతథముగ ఉచ్చరింతురు. అదే పట్టణమున దక్షిణ ఇండియా సంఘపు దేవాలయమున చదువువారు దానిని ‘సార్వత్రిక’ యని తెనిగించుకొనిరి. ప్రమాణ మొక్కటే, విశ్వసింపబడు దైవ మొక్కడే; అయినను ఒక పదము కడ త్రోవలు రెండుగా చీలినవి. మొదటివారికి అది గుణము మాత్రమే కాక పేరు కూడను. రోమునందలి పీఠముతో సంబంధము నిలుపుకొన్న సంఘమునకే ఆ పేరు పూర్ణముగ చెల్లునని వారి మతము. రెండవవారికి అది కేవలము గుణవాచకము. రోముతో సంబంధము లేకున్నను సంఘము సార్వత్రికము కావచ్చునని వారి వాదము.

ఈ భేదము వేదాంతులకు మాత్రమే విడిచిపెట్టదగినది కాదు. మన సాహిత్య చరిత్రకారులు ‘క్రైస్తవ వాఙ్మయము’ అను ఒకే శీర్షిక క్రింద 18వ శతాబ్దినాటి మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనమును, 19వ శతాబ్దిలో మద్రాసున అచ్చయిన బైబిలు అనువాదమును, మిషనరీల కరపత్రములను ఒకచోట చేర్చి చూపుట పరిపాటి. చేర్చుటలో దోషము లేదు. కాని గ్రంథకర్త ఏ శాఖ గురువుల కడ ఉపదేశము పొందెనో, ఏ శాఖవారి కొరకు వ్రాసెనో విచారింపకున్నచో గ్రంథము నందలి మాటలే మనలను దారి తప్పించును. కావున కర్నూలు, కడప మండలముల చరిత్రను ఆధారముగ గొని కతోలిక శాఖకును తక్కిన శాఖలకును గల సంబంధ మెట్టిదో ఇచట పరిశీలింప దలచితిమి. మండలములను పాత యెల్లలతోనే గ్రహించుచున్నాము. నంద్యాల 2022లో ప్రత్యేక జిల్లా యైనది. గిద్దలూరు, కంభము 1970 వరకు కర్నూలు మండలములోనివే.

క్రైస్తవ సంఘమున గొప్ప చీలికలు మూడు సంభవించినవి. 451 నాటి కల్కెదోను మహాసభ నిర్ణయములను అంగీకరింపని ప్రాచ్య సంఘములు మొదట వేరుపడినవి. 1054లో కాన్‌స్టాంటినోపులును రోమును పరస్పరము బహిష్కరించుకొన్నవి. మూడవది 16వ శతాబ్దిది: 1517లో జర్మనీలో లూథరుతో ఆరంభమై, 1534లో ఇంగ్లండు రాజు పోపు అధికారమును త్రోసిపుచ్చుటతో మఱొక రూపు దాల్చినది. మొదటి చీలిక ఫలితములు కేరళమున కానవచ్చును గాని, మొదటి రెండును రాయలసీమకు వచ్చినవి కావు. ఇచటి గ్రామములకు చేరినది మూడవ చీలికయే. అదియును పలు రూపములతో చేరినది. వానిని జనులు సిద్ధాంతముల పేర గాక మిషనుల పొడియక్షరముల పేర గుర్తించిరి. రోమను కతోలిక మిషను ‘ఆర్.సి.యం.’, ఆంగ్లికను సంఘమునకు చెందిన సువార్తా ప్రచార సంఘము ‘ఎస్.పి.జి.’, లండను మిషనరీ సంఘము ‘ఎల్.ఎం.ఎస్.’; అమెరికను బాప్తిస్టు మిషను ‘ఏ.బి.ఎం.’. ఆ మిషనులలో కొన్ని ఆ పేరులతో నేడు లేవు. అయినను ఫలానావారు ఆర్.సి.యం. వారని, ఫలానావారు ఎస్.పి.జి. వారని చెప్పుకొనుట పల్లెలలో మానలేదు. మనదేశమున శాఖాభేదము తొలుత ఇంటిపేరు వంటిదై, పిమ్మట సిద్ధాంత మైనదని మా యభిప్రాయము.

కాలక్రమమున రోము మొదటిది. 1598 మొదలు జెస్విట్ గురువులు కొందరు చంద్రగిరిలో వేంకటపతిరాయల కొలువునకు రాకపోకలు సాగించిరి. అది నిలువలేదు. 18వ శతాబ్ది ఆరంభమున పుదుచ్చేరినుండి వచ్చిన ఫ్రెంచి జెస్విట్లు ‘కర్ణాటక మిషను’ పేర పుంగనూరు, చిక్కబళ్ళాపురము, కృష్ణాపురము, మదిగుబ్బ మొదలగు చోట్ల సంఘములను నెలకొల్పిరి. కాషాయము ధరించి, మాంసము విసర్జించి, సంస్కృతాంధ్రములు నేర్చిన గురువులు వీరు. వీరిలో 1732లో భారతదేశమునకు వచ్చిన గస్టో కూర్దూ (1691–1779) తెలుగు, సంస్కృతము, ఫ్రెంచి భాషలకు నిఘంటువు కూర్చెను. విలియం జోన్సు కలకత్తా ఉపన్యాసమునకు (1786) దాదాపు ఇరువదేండ్లు ముందుగనే సంస్కృతమునకును గ్రీకు లాటిను భాషలకును గల చుట్టరికమును పారిసు పండితులకు వ్రాసి పంపినది ఈయనయే. రాయలసీమ తెలుగుతో పరిచయము గల యొక గురువు ప్రపంచ భాషాశాస్త్రమునకు చేసిన ఈ యుపకారమును మన విద్యార్థులు తఱచుగా మఱచుచుందురు. ఈ సంఘములలో రెడ్డి కుటుంబములు గణనీయముగ నుండెను. 18వ శతాబ్ది కల్లోలములలో వారిలో పలువురు గుంటూరు సీమకును తమిళదేశమునకును వలసపోయిరి. 1773లో పోపు జెస్విట్ సభను రద్దుచేయగా పారిసు విదేశ మిషను గురువులు ఆ స్థానమునకు వచ్చిరి. 1875లో మిల్‌హిల్ గురువులు వచ్చినపిదప తెలుగు సీమలో కతోలిక సంఘము మరల ప్రాణము పుంజుకొనెను. నెల్లూరు మేత్రాసనము 1928లో, కర్నూలు మేత్రాసనము 1967లో, కడప మేత్రాసనము 1976లో ఏర్పడినవి.

ప్రొటెస్టెంటులు వచ్చుసరికి రోము ఇచట నూఱేండ్ల పాతది. 1810లో జాన్ హ్యాండ్సు బళ్ళారిలో ఎల్.ఎం.ఎస్. పనిని ఆరంభించెను. 1822లో విలియం హవెల్ కడపకు వచ్చెను. 1820లో ఉద్యోగరీత్యా సి. పి. బ్రౌను చేరిన కడప అదియే. ఇచట ఒక చిత్రమైన సంగతి గలదు. 1840 దశకపు తొలి యేండ్లలో హవెల్ ఎల్.ఎం.ఎస్.ను వీడి ఆంగ్లికను సంఘమున చేరెను. అతని వెంట కొంద రనుయాయులును పోయిరి. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల, గిద్దలూరులలో ముందు ముందు విస్తరించిన ఎస్.పి.జి. తెలుగు మిషనునకు అదియే అంకురము. అనగా కడప మండలమున ఆంగ్లికను శాఖ ఇంగ్లండునుండి నేరుగ దిగుమతి కాలేదు; స్థానికముగ జరిగిన యొక శాఖాంతరమున పుట్టినది. కర్నూలు, కంభము ప్రాంతములకు బాప్తిస్టులు 19వ శతాబ్ది చివరి పాదమున వచ్చిరి. 1876–78 నాటి ధాతు కరవు ఈ మండలములను నుగ్గుచేసినప్పుడు అన్ని శాఖలవారును గంజి పోసిరి, అన్ని శాఖలలోను జనులు చేరిరి. ఏ యూరికి ఏ మిషను ముందుగా వచ్చెనో ఆ యూరు ఆ శాఖ యయ్యెను. సిద్ధాంతములను తూచి శాఖ నెన్నుకొన్న గ్రామము అరుదు.

రెండు పక్షముల నడుమ వాదము లేకపోలేదు. తమిళమున బెస్కి (వీరమామునివర్, 1680–1747) తరంగంబాడి లూథరనులను ఖండించుచు గద్యగ్రంథములే రచించెను. మైసూరు సీమలో పనిచేసిన పారిసు మిషను గురువు దుబ్వా 1823లో లండనున ప్రకటించిన లేఖలలో, హిందువులను క్రైస్తవులను జేయు ప్రయత్నము వ్యర్థమనియు, బైబిలు అనువాదములను పంచుట అందునను వ్యర్థమనియు వాదించెను. బళ్ళారిలో హ్యాండ్సు కన్నడ బైబిలుపై శ్రమించుచున్న దినము లవి. ప్రొటెస్టెంటులు మరుసటి యేడే ప్రత్యుత్తరములు అచ్చొత్తించిరి. ఈ వాదమున మనకు కావలసిన అంశ మొకటి కలదు. గ్రంథము మొదటిదా, గురువు మొదటివాడా అనునదే అందలి అసలు ప్రశ్న. ప్రొటెస్టెంటునకు లేఖనము చేతికిచ్చిన చాలును. దాని వెలుగున సంఘము పుట్టును. కతోలికునకు సంఘము ముందు పుట్టినది, లేఖనము దాని యొడిలో పెరిగినది. లేఖనమునకు అర్థము చెప్పు అధికారము సంఘమునదే.

తక్కిన భేదములు పెక్కు ఈ మూలమునుండి పుట్టినవే. కాని వానిని ఒక నిచ్చెన మెట్లవలె, రోమునకు దగ్గరవారు, దూరపువారు అని వరుసగా పేర్చుట కుదరదు. ప్రశ్న మారినకొలది పక్షములు మారును. త్రిత్వము, క్రీస్తు దైవత్వము, పునరుత్థానము అను విషయములలో నలువురును ఒక్కటే. పసిబిడ్డకు స్నాన మీయవచ్చునా యని యడిగిన రోము, ఎస్.పి.జి., ఎల్.ఎం.ఎస్. ఒకవైపు నిలుచును, బాప్తిస్టులు రెండవవైపు నిలుతురు. వారు విశ్వాసము ప్రకటించిన యెదిగిన వారిని నీట ముంచియే బాప్తిస్మ మిత్తురు. తక్కిన మువ్వురును ఇచ్చినది వారి లెక్కకు రాదు. సంఘమునకు బిషప్పు ఉండవలెనా యన్నచో రోమును ఎస్.పి.జి.యును ఔననును. ప్రతి స్థానిక సంఘమును తన్ను తానే నడపుకొనవచ్చునని ఎల్.ఎం.ఎస్., బాప్తిస్టులు నమ్మిరి. పోపునకు సార్వత్రికాధికారము కలదా యన్న ప్రశ్న యందు రోము ఒంటరిది. 1870 నాటి వాటికను మహాసభ పోపు స్ఖలనరహితత్వమును సిద్ధాంతముగ ప్రకటించిన తరువాత ఆ ఒంటరితనము మఱింత గట్టిపడెను.

ఇక భాష. తెలుగు శాఖ విద్యార్థులకు ముఖ్య మైనది కావున దీనిని కొంచెము విపులముగ చెప్పవలసియున్నది. ఒకే పల్లెలో, ఒకే కులమున, ఒకే యాస మాటలాడు ఇద్దరు క్రైస్తవులు మతవిషయ మెత్తినతోడనే రెండు పదకోశములు విప్పుదురు. కతోలికుడు ‘జ్ఞానస్నానము’ పొందును. ప్రొటెస్టెంటు ‘బాప్తిస్మము’ పొందును. ఒకడు ‘జపము’ చెప్పును, ఒకడు ‘ప్రార్థన’ చేయును. ఒకనిది ‘తిరుసభ’, మఱొకనిది ‘సంఘము’. పవిత్రాత్మ – పరిశుద్ధాత్మ, సువిశేషము – సువార్త, సత్ప్రసాదము – సంస్కారము, పునీతుడు – పరిశుద్ధుడు, మేత్రాణులు – బిషప్పు, ఇట్లు జంటలు ఎన్నియైనను చూపవచ్చును. ‘విచారణ’ యన్నచో తక్కిన తెలుగువారికి కచేరి గుర్తువచ్చును. కతోలికునకు అది యొక గురువు పాలనలోని సంఘభాగము. ‘ఉత్తరించు స్థలము’ అను మాటకు ప్రొటెస్టెంటు కోశమున ప్రతిపదమే లేదు, ఏలయన మరణానంతర శుద్ధిని వారు అంగీకరింపరు.

ఈ రెండు కోశములు రెండు మార్గముల వచ్చినవి. మధురలో రాబర్ట్ డి నోబిలి (1577–1656) చూపిన త్రోవలో జెస్విట్లు సంస్కృతమునుండి, శైవ వైష్ణవ పరిభాషనుండి పదములు గైకొనిరి. సర్వేశ్వరుడు, గురువు, పూజ, ప్రసాదము, జపము అట్టివి. తెలుగు సీమకు ఇవి పుదుచ్చేరి, మద్రాసుల మీదుగ వచ్చుటచే తమిళపు తావి అంటుకొన్నది: ‘తిరుసభ’ యందలి తిరు, ‘మేత్రాణులు’ అను రూపము ఇందుకు సాక్ష్యము. ప్రొటెస్టెంటుల కోశము అచ్చుపుస్తకముది. విశాఖపట్టణపు ఎల్.ఎం.ఎస్. మిషనరీల సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. సంపూర్ణ బైబిలు 1854లో మద్రాసున వెలువడినది. ‘బాప్తిస్మము’ అను గ్రీకు పదమును అనువదింపక నిలుపుటలో ఒక సౌకర్యము గలదు. 1830 దశకమున బెంగాలీ బైబిలున శ్రీరామపుర బాప్తిస్టులు ఆ పదమునకు ‘ముంచుట’ యను నర్థము వచ్చునట్లు అనువదించిరని బ్రిటిషు బైబిలు సంఘము ఆ ప్రతులకు సహాయము నిరాకరించెను. పదమును పదముగనే యుంచినచో ముంచువారును చిలకరించువారును ఒకే పుస్తకమును చదువవచ్చును.

మఱొక కారణము కూడ గలదు. 1960 దశకము వరకు కతోలికుల పూజాబలి లాటినులో జరిగెను. అందుచే వారి తెలుగు జపములలోను, జ్ఞానోపదేశములోను, కీర్తనలలోను కంఠస్థమై నిలిచెను. కంఠస్థమైన భాష మెల్లగ మారును. ప్రొటెస్టెంటుల తెలుగు ప్రతి ముద్రణమునను సవరింపబడుచు వచ్చెను. పాతమాటలు కతోలికుల నోట నిలుచుటకు వారి ఛాందసము హేతువని కొందరు తలంతురు, అది సరికాదు.

సంస్కారములకు కతోలికులు వాడిన పాతపేరు ‘దేవద్రవ్యానుమానములు’. వ్యవహారమున అనుమానమనగా సందేహము. ఈ మాట వినిన తెలుగువాడు ఇదేమి మతము, తన పవిత్రకర్మలనే సందేహించుచున్నదని నవ్వుకొనవచ్చును. కాని న్యాయశాస్త్రమున అనుమానము ప్రమాణము. కనబడు పొగచే కనబడని నిప్పును గ్రహించుట అనుమానము. కనబడు నీరు, తైలము, రొట్టె కనబడని దైవానుగ్రహమునకు చిహ్నములని చెప్పు సిద్ధాంతమునకు ఇంతకంటె బిగువైన పద మెవరు కల్పింపగలరు? ఇవి ఏడని త్రెంటు మహాసభ (1545–63) స్థిరపఱచెను. ఎల్.ఎం.ఎస్., బాప్తిస్టులకు రెండే. ఆంగ్లికనులు సువార్తలో క్రీస్తు నియమించినవి రెండని చెప్పి, తక్కిన అయిదింటిని త్రోసివేయక ప్రక్కన నుంచిరి. ఆ ప్రక్కన నుంచుటలోనే వారి స్వభావమంతయు నున్నది. తరువాతి కాలమున కతోలికులును ‘దివ్యసంస్కారములు’ అను పేరునే మిక్కిలిగ వాడజొచ్చిరి. కోశములు కొంత దగ్గరపడినవి. మంచి పద మొకటి మఱుగుపడినది.

ఈ పదకోశ భేదము పరిశోధనకు ఎట్లుపకరించునో ఒక యుదాహరణము చూపుదుము. పింగళి ఎల్లనార్యుని కృతిగ మన చరిత్రకారులు పేర్కొనునది తోభ్యచరిత్రము. దానికే సర్వేశ్వరమాహాత్మ్య మని నామాంతరము. తోబితు గ్రంథము కతోలికుల పాత నిబంధనలో గలదు. ప్రొటెస్టెంటులు దానిని ప్రామాణిక గ్రంథములలో చేర్పరు. ‘సర్వేశ్వర’ శబ్దము నోబిలి సంప్రదాయమువారికి మిక్కిలి ప్రియమైనది. కావున గ్రంథము విప్పకమునుపే దాని రెండు పేరులును ఆ కవికి ఉపదేశ మిచ్చినవారి శాఖను చెప్పుచున్నవి. అయినను ఒక్క పదమును పట్టుకొని తీర్పు చెప్పరాదు. ‘జ్ఞానస్నానము’ కనబడగానే కతోలిక కృతి యనుకొనుట ప్రమాదకరము, ఏలయన తమిళ లూథరనులును ఆ పదమునే వాడుదురు. వారి తొలి మిషనరీలు జెస్విట్లను ఖండించుచునే వారి పదములను గ్రహించిరి. పదముల గుంపును, కథావస్తువును, ఉదాహృతమైన గ్రంథభాగమును కలిపి చూచిననే నిర్ణయము నిలుచును.

ఇంతవరకు చెప్పినదానిచే కతోలికులొక పక్షము, ప్రొటెస్టెంటులొక పక్షము అని తోపవచ్చును. ఆ యూహను నంద్యాల చరిత్ర చెఱపివేయును. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెంటు జార్జి కతీడ్రలున దక్షిణ ఇండియా సంఘము పుట్టెను. ప్రెస్బిటీరియను, కాంగ్రిగేషనలు సంఘములు 1908లోనే కలిసి ఏర్పడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘము, మెథడిస్టులు, నాలుగు ఆంగ్లికను అధ్యక్ష మండలములు ఇందు లీనమైనవి. బిషప్పులు గల సంఘమును బిషప్పులు లేని సంఘములును ఒకటగుట లోకమున అదియే ప్రథమము. నంద్యాల ప్రాంతపు ఎస్.పి.జి. సంఘములు అప్పటికి దోర్నకల్ అధ్యక్ష మండలములోనివి. ఆ మండల ప్రథమ బిషప్పు వి. ఎస్. అజరయ్య (1874–1945) ఈ ఐక్యమునకై జీవితమెల్ల పాటుపడి, అది సిద్ధించుటకు రెండేండ్ల ముందు గతించెను. ఆయన మండలములోనివారే, 30,000కు పైబడిన క్రైస్తవులు, మేము చేరమనిరి. వారు కలకత్తా మెట్రోపాలిటను పర్యవేక్షణమున పాత ఆంగ్లికను సంఘములోనే నిలిచిరి. 1963లో నంద్యాల ప్రత్యేక ఆంగ్లికను మండల మయ్యెను. 1970లో ఉత్తర ఇండియా సంఘ మేర్పడగా పాత ఆంగ్లికను సంఘమే అందు లీనమైనది. 1970 దశకపు నడుమ నంద్యాల దక్షిణ ఇండియా సంఘమున ఒక మండలముగ చేరినది.

వారి యభ్యంతర మేమి? క్రొత్త సంఘమున మునుముందు జరుగు ప్రతి అభిషేకమును బిషప్పు చేతులమీదుగనే జరుగవలెనని నిబంధన యున్నది. కాని అప్పటికే పనిచేయుచున్న పాదరులను, బిషప్పు హస్తనిక్షేపణము లేనివారిని గూడ, ఉన్నవారి నున్నట్లుగనే స్వీకరించిరి. ఇద్దియే చిక్కు. ఈ యభ్యంతరమును మన దేశమున వివరించుటకు శ్రమపడ నక్కఱలేదు. ముత్యాలపాడునకు దగ్గరనే అహోబిలమున్నది. అచటి మఠమున జీయరుల పరంపర యెట్లో, బిషప్పుల హస్తనిక్షేపణము అట్టి పరంపర. క్రీస్తు శిష్యులనుండి చేతినుండి చేతికి వచ్చినదని వారి విశ్వాసము. పాండిత్యము, సౌశీల్యము ఎంత యున్నను పీఠమునుండి దీక్ష పొందనివాడు పీఠాధిపతి కానేరడు గదా. ఈ ప్రశ్న ఇంగ్లండు నంతయు కలచివైచెను. ఆంగ్ల కవి టి. ఎస్. ఎలియట్ 1943లో ఈ దక్షిణ ఇండియా పథకమును ఖండించుచు ‘విధ్వంసముచే పునరేకీకరణము’ అని యర్థమిచ్చు పేరుతో ఒక చిన్న పుస్తకమే ప్రకటించెను. ఎలియట్ కవిత్వమును బోధించు మన అధ్యాపకులలో ఈ సంగతి నెఱిగినవారు కొలదిమందియే.

అయితే నంద్యాలవారి నిర్ణయమునకు సిద్ధాంత మొకటే హేతువని మేము నమ్మజాలము. నూఱేండ్లుగ తమ బడులను, ఉపదేశులను పోషించిన ఎస్.పి.జి.తో బంధము తెగునేమో యను భయము, తెలుగు ప్రార్థనపుస్తకము చేతబట్టి మోకరించి సంస్కారము పుచ్చుకొను అలవాటు, పొరుగున ఎల్.ఎం.ఎస్. వారితో గల పాత స్పర్ధ, ఇవి యన్నియు కలిసినవి. సిద్ధాంతము జనులలో దిగునప్పుడు అలవాటు రూపముననే దిగును. విచిత్ర మేమనగా, బిషప్పులు లేని ఎల్.ఎం.ఎస్. వారు కడప, జమ్మలమడుగు, గుత్తి ప్రాంతములలో క్రొత్త సంఘమున చేరి, హాస్పేట సుమిత్ర బిషప్పుగ రాయలసీమ మండలము క్రింద నిలిచిరి. బిషప్పులే ముఖ్యమన్న నంద్యాలవారు వెలుపల నుండిపోయిరి.

ఇక రోము దీని నెట్లు చూచెను? పోపు 13వ లియో 1896లోనే ఆంగ్లికను అభిషేకములు సర్వథా శూన్యములని, పరంపర మధ్యలో తెగినదని ప్రకటించియుండెను. నంద్యాల సంఘములు ఏ పరంపర కొరకు తోటి క్రైస్తవులనుండి వేరై నిలిచినవో, ఆ పరంపర వారి కడ లేనే లేదని అదే వీధిలోని కతోలిక దేవాలయపు సిద్ధాంతము. తాము సార్వత్రిక సంప్రదాయమునకు కాపరుల మని వీరు తలచిరి. అది వీరి సొమ్ము కాదని రోము తలచెను. ఇంత నొప్పిగల స్థానము తక్కిన ప్రొటెస్టెంటులకు లేదు. బాప్తిస్టునకు రోము గుర్తింపుతో పనిలేదు, కావున దానిని నిరాకరించుట వలన బాధయు లేదు.

రెండవ వాటికను మహాసభ (1962–65) ఈ చూపును మార్చినది, కాని తీర్పును మార్చలేదు. క్రీస్తు సంఘము రోమను కతోలిక సంఘమే ‘అయియున్నది’ అని పూర్వపు వాక్యము. 12వ పియసు 1943 నాటి పత్రమున అట్లే యున్నది. 1964 నాటి మహాసభ పత్రము క్రీస్తు సంఘము కతోలిక సంఘమున ‘నెలకొనియున్నది’ అనెను. ఒక్క క్రియాపదము మారుటచే వెలుపలివారికి చోటు కలిగెను. ఒకనాడు భ్రష్టులనిపించుకొన్నవారు ‘విడిపోయిన సోదరులు’ అయిరి. కతోలిక సంప్రదాయములు కొంతవఱకు నిలిచియున్న సంఘములలో ఆంగ్లికనులది ప్రత్యేక స్థానమని అదే సంవత్సరపు ఐక్యతా పత్రము పేర్కొన్నది. అయినను 1896 నాటి తీర్పు రద్దు కాలేదు. 2009లో రోము తన వద్దకు రాగోరు ఆంగ్లికను సమూహములకు తమ ఆరాధనాక్రమమును కొంత నిలుపుకొనుచు చేరు వీలు కల్పించినప్పుడును, వారి పాదరులు మరల అభిషేకము పొందవలసినదే.

జనుల జీవితమున ఈ మార్పు రెండు చోట్ల కానవచ్చెను. మొదటిది స్నానము. అంతకుమునుపు వేఱు శాఖనుండి కతోలిక సంఘమున చేరువారికి, తొలి స్నానము చెల్లినదో లేదో యని షరతుతో మరల స్నాన మిచ్చుట తఱచు. 1967 నాటి రోము మార్గదర్శకము ఆ పద్ధతిని విచక్షణ లేక వాడరాదనెను. త్రిత్వనామమున నీటితో ఇచ్చినది ఎవరిచ్చినను చెల్లును. నంద్యాల ఆంగ్లికను బిడ్డ స్నానము చెల్లును, ఆ బిడ్డకు స్నానమిచ్చిన పాదరి అభిషేకము చెల్లదు అని చెప్పు ఈ సిద్ధాంతము పైకి వింతగ దోచును. స్నాన మీయుటకు అవసరమైనచో ఏ మనుష్యుడైనను చాలునని, పూజాబలికి అభిషిక్తుడే కావలెనని వారి నియమమును ఎఱిగినచో వింత తొలగును.

రెండవది పెండ్లి. 1908లో అమలులోనికి వచ్చిన రోము శాసనము ప్రకారము కతోలికుల వివాహము గురువు ఎదుట జరిగిననే చెల్లును. మిశ్రవివాహమునకు అనుమతి కావలెను, బిడ్డలందఱిని కతోలికులుగ పెంచుదుమని ఇరువురును మాటయీయవలెను. 1970లో 6వ పౌలు దీనిని సడలించెను. మాట ఇచ్చుట కతోలిక పక్షమునకు మాత్రమే పరిమితమయ్యెను. రాయలసీమ పల్లెలలో ఈ శాసనముల భారము తక్కువది కాదు. ఇచట సంబంధములు వెదకుట కులమునుబట్టి, మేనరికమునుబట్టి జరుగును. మేనమామ కూతురు ఎస్.పి.జి., మేనల్లుడు ఆర్.సి.యం. అయినచో కులము కలిపినదానిని శాఖ విడదీయవలసివచ్చెను. పెక్కుచోట్ల కులమే గెలిచినది. వధువో వరుడో శాఖ మార్చుకొనుటతో చిక్కు తీరెను. ఒకే శాఖలోని మాల, మాదిగ, రెడ్డి కుటుంబముల నడుమ వియ్యము నేటికిని అరుదు. శాఖల నడుమ గోడ యెత్తయినదే గాని, కులముల నడుమ గోడకంటె పొట్టిది. క్రైస్తవ శాఖాభేదములను గూర్చి పరిశోధించువారు దీనిని విస్మరించినచో వారి వ్రాత పాశ్చాత్య గ్రంథముల నీడయే యగును.

ఈ నంద్యాల నేలమీదనే, పోలూరున 1961లో ఒక కతోలిక దళిత కుటుంబమున పూల అంతోని జన్మించెను. నంద్యాల ఆంగ్లికనులు దక్షిణ ఇండియా సంఘమునకు వెలుపల నున్న దినము లవి. ఆయన 2008లో కర్నూలు మేత్రాణులై, 2020లో హైదరాబాదు అగ్రపీఠమునకు నియుక్తుడై, 2022 ఆగస్టు 27న కార్డినలు పదవి నందెను. తెలుగువారిలోను, భారతీయ దళితులలోను ఆ పదవి నందినవారిలో ఆయనయే ప్రథముడు. పోపును ఎన్నుకొను సభలో స్థానము గలవాడొకడు ఈ సీమనుండి వెడలెను. ఆ పోపు నొల్లక తమ పరంపరను తామే కాపాడుకొనవలెనని ఒక తరమెల్ల పెనగినవారును ఈ సీమవారే. ఇరువురి పక్షముల స్నానపుస్తకములు, వివాహపుస్తకములు, తెలుగు జపమాలలు, ప్రార్థనపుస్తకములు విచారణ గృహములలోను, పాత మిషను బంగళాలలోను ఉన్నవి. తెలుగు పరిశోధకులు వానిని ప్రక్కప్రక్కన నుంచి చదువవలసియున్నది.